పై మూల నుంచి వచ్చే గబ్బిలం

ఖుష్నుమా చచ్చిపోయిన ప్రతిసారీ చెల్లెలు ఖుష్బూ పగలబడి నవ్వేది. చావు టీవీలోనే లెండి. బోయిగూడలో అక్కాచెల్లెళ్లు ఉండేది ఒకటే గది. మంచం మీద కూర్చుంటే టీవీ చేతికి అందుతుంది. ఖుష్బూ పనిచేసే సెల్‌ఫోన్ల షాపులో ఎవరో వదిలించుకుపోయిన గేమ్ డబ్బా ఒకటి ఇంటికి చేరింది. దాంట్లో ఒకే ఒక ఆట మిగిలింది. దాని పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది గానీ, ఖుష్నుమా మాత్రం 'లాంతరుపిల్ల' అనేది.

చేతిలో లాంతరు పట్టుకున్న ఒక పిల్ల అడవిలో ఎడమ నుంచి కుడికి నడుస్తూ పోతుంది. ఆమె నడిచేకొద్దీ వెనక లోకం జరుగుతుంటుంది. నీళ్ల రంగులతో ఎవరో ఓపిగ్గా చేత్తో వేసినట్టుండే చెట్లు, మంచు, దూరంగా కూలిపోయిన కోట. రాక్షసులను చంపితే బలం పెరుగుతుంది. కొత్త కత్తి దొరుకుతుంది. దెబ్బతింటే నీలం సీసాలో మందు తాగించి మళ్లీ లేపొచ్చు.

ఖుష్నుమాది మగ్గం పని. పదహారేళ్ల వయసు నుంచి పెళ్లి జాకెట్ల మీద నెమళ్లు కుడుతోంది. తెర మీద ఒకే ఆకులో మూడు పచ్చరంగులు కలిసిపోయి కనిపిస్తే ఆట మరిచిపోయి చూసేది.

"గీ రంగు దారం యాడ దొరుకుతదే?"

"ఆపా, రాక్షసుడు మీదికొస్తుండు. దారం సంగతి తర్వాత!" అని అక్కను తొందరపెట్టేది ఖుష్బూ.

రాక్షసులతో ఆమెకు ఇబ్బంది లేదు. ఎదురుగా వస్తారు, నరికేస్తుంది. గబ్బిలాలతోనే చిక్కు. అవి తెర పై మూల నుంచి జారుకుంటూ వస్తాయి. మీద పడేదాకా అవి ఉన్నట్టే ఆమెకు తెలిసేది కాదు.

"ఈ గేమ్ ఖరాబైంది. గబ్బిలం ఉత్తగనే ఊడిపడ్తుంది."

"ఊడిపడుడేంది? మూలకెల్లి మెల్లగ వస్తుంది గదా! గుడ్డిదానివా ఏంది?"

"గుడ్డిదాన్నయితే మగ్గం షాపుల సేఠ్ నాతోని కుందన్లు కుట్టిపిచ్చుకుంటడా?"

ఇద్దరూ నవ్వారు. అయినా ఒక ఆదివారం, వరుసగా అదే చోట అక్క చచ్చిపోతుంటే, ఖుష్బూ గబ్బిలం మూలకు రాగానే ఆట ఆపింది.

"లాంతర్నే చూడు ఆపా. కళ్లు కదపకు. గబ్బిలం కనబడ్తుందా?"

"లేదు."

ఖుష్బూ లేచి గబ్బిలం మీద వేలు పెట్టింది. తెర మీదనే వేలిని లాంతరు వైపు జరుపుతూ వచ్చింది. "ఇప్పుడు?" లేదు. "ఇప్పుడు?" లేదు. వేలు దాదాపు పిల్ల జుట్టుకు తగిలేదాకా వచ్చింది.

"ఆ, ఇగో. ఇప్పుడొచ్చింది నీ వేలు."

ఈసారి ఖుష్బూ నవ్వలేదు. గుమ్మం దగ్గర బకెట్టును అక్క రోజూ ఎందుకు తన్నుకుంటుందో, గల్లీలో స్కూటర్ల వాళ్లు ఆమెను ఎందుకు తిడతారో చెల్లెలికి ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నాళ్లూ గల్లీ ఇరుకని అనుకున్నారు. మగ్గం ముందు చూపు సూది మొన దాటి పోయే పనిలేదు. చుట్టూ చీకటి ముసురుకొస్తున్నా సూది మొన మాత్రం కనిపిస్తూనే ఉంది.

సర్కారు దవాఖానలో గడ్డం ఒక గిన్నెలాంటి మిషన్‌లో ఆనించమన్నారు. చేతికి ఒక బటన్ ఇచ్చారు. లోపల వెలుగు చుక్క కనబడినప్పుడల్లా నొక్కాలి.

"గీ గేమ్ నాకు మస్తుగొస్తది," అంది ఖుష్నుమా.

కొన్ని చుక్కలు నొక్కింది. తర్వాత ఏమీ రాలేదు. ఆమె వేలు బటన్ మీదే పెట్టుకుని కాచుకుంది.

"మిషన్ ఆగిపోయిందా అమ్మా?"

"ఆగలే. నడుస్తనే ఉంది. నువ్వే నొక్కుతలేవు," అంది పరీక్ష చేసే ఆమె.

డాక్టరమ్మ కాగితం చూసి మొదట అడిగిన ప్రశ్న ఒకటే. "కంట్లో చుక్కలు ఏమన్నా ఏసుకుంటవా?"

"చల్లమందు. పనికాడ అందరం ఏసుకుంటం."

చల్లమందంటే హరికిషన్ సేఠ్ మగ్గం షాపులో మంచినీళ్ల కుండ పక్కన ఉండే చిన్న సీసా. జరీ నలుసులకు, లైట్ల వేడికి కళ్లు ఎర్రబడి దురద పెడతాయి. అన్నం తిన్నాక అందరూ గోడకు తలలు ఆనించి పైకి చూస్తారు. సీసా వరుసగా తిరుగుతుంది. కాసేపటికి ఎరుపు పోతుంది, దురద పోతుంది, సూది మళ్లీ నడుస్తుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్. ఏళ్ల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెంచి, నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా చూపును అంచుల నుంచి తినేస్తుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఉంది. కానీ మందుల షాపువాడు చీటీ అడగలేదు, సేఠ్ తీసుకుపోలేదు. పెళ్లిళ్ల సీజన్‌లో కళ్లు ఎర్రబడితే పని ఆగుతుంది. పని ఆగకూడదు. ఆ షాపులో కళ్లకున్న విలువ అంతే.

"పోయిన చూపు రాదమ్మా," అంది డాక్టరమ్మ. "మిగిలింది కాపాడుకోవాలె. ఆ సీసా ఇగ ముట్టకు."

ఇంటికి చేరాక ఖుష్నుమా ఒక్క మాట అంది.

"అందరి కండ్లల్ల ఏసేది నేనే గదనే, ఖుష్బూ."

ఆమె చెయ్యి వణకదు. చుక్క కరెక్టుగా పడుతుంది. అందుకే ఆ పని ఆమెకు అప్పగించారు.

మర్నాడు అన్నాలయ్యాక అలవాటు ప్రకారం అందరూ తలలు ఎత్తారు. మొదట షెకీనా ఉంది. లాలాగూడ నుంచి వచ్చే పిల్ల, పనిలో చేరి మూడేళ్లయింది. ఖుష్నుమా సీసాకు మూత బిగించింది.

"ఇది ఎవ్వరూ ఏసుకోవద్దు. దీనితోనే నా చూపు పోయింది. దవాఖానల చెప్పిన్రు."

హరికిషన్ గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. "నీ చూపు దీంతోని పోయిందా? పొద్దస్తమానం టీవీకి అతుక్కొని గేమ్ ఆడ్తవని నువ్వే చెప్తివి గదా? గేమ్ ఆడి కండ్లు పోగొట్టుకొని నా మందు మీద పడ్డవేంది?"

ఎవరో కిసుక్కుమన్నారు. లాంతరుపిల్ల కథలు ఆమె రోజూ మగ్గం దగ్గర చెప్పేది. అందరికీ తెలుసు.

ఖుష్నుమా మగ్గం చివర ఖాళీగా ఉన్న చోటు వైపు చెయ్యి చూపించింది. అక్కడ చాంద్‌పాషా కూర్చునేవాడు. షాపులో అందరికన్నా పాత పనివాడు. చూపు ఆనక రెండు రంజాన్ల కిందట ఇంట్లో కూర్చున్నాడు. వయసు మీద పడింది అనుకున్నారంతా.

"చాంద్‌పాషా భాయ్ ఏం గేమ్ ఆడిండు సేఠ్?"

ఎవరూ నవ్వలేదు. అట్లాగని ఎవరూ ఆమె పక్కన నిలబడనూ లేదు. ముందున్నవి పెళ్లిళ్ల రోజులు. హరికిషన్ ఆమె చేతిలోంచి సీసా తీసుకొని కుండ పక్కన పెట్టాడు. "రేపటి నుంచి రాకు. చూపు లేనిదానికి పనిస్తే నా జాకెట్లు ఖరాబైతయ్," అన్నాడు.

ఇప్పుడు ఖుష్నుమా లాంతరుపిల్లను గుమ్మం అవతల కూర్చొని ఆడుతుంది. దూరంగా జరిగితే తెర చిన్నదై, ఆమెకు మిగిలిన చూపులో మొత్తం అడవి పడుతుంది. గేమ్ డబ్బా రిమోటు వైరు గుమ్మం దాకానే వస్తుంది. అందుకని గల్లీలో, చెప్పుల పక్కన, పీట వేసుకుంటుంది.

ఒక ఆదివారం ఎవరో దగ్గారు.

"అక్కా, పక్కనే నిలబడ్డ గదా. ఎంతసేపాయె!"

"షెకీనా? చూడలేదే. కనబడదు నాకు గా పక్క. సీసా ఇంకా తిరుగుతుందా?"

"తిరుగుతుంది. నేను సుత ఏసుకుంటున్న. పని పోతదని..." షెకీనా ఆగింది. "అక్కా, జెర నాకు సుత చూపియ్యవా? గా గబ్బిలం. నీ మీద ఉత్తగనే ఊడిపడ్తదంటివి గదా."

ఖుష్నుమా ఆమెను లోపలికి పంపి మంచం అంచున, టీవీ ముందు కూర్చోబెట్టింది. తను గుమ్మం అవతలే ఉండి ఆట నడిపింది.

"లాంతర్నే చూడు. చూపు మళ్లించకు. గబ్బిలం కనబడంగనే చెప్పు."

లాంతరుపిల్ల నడిచింది. మంచు, చెట్లు, కూలిన కోట. పై మూలలో గబ్బిలం రెక్కలు విప్పింది. మెల్లగా కొమ్మల మీదుగా దిగింది. కోట బురుజు దాటింది. గుమ్మం అవతల నుంచి ఖుష్నుమాకు అదంతా చక్కగా కనిపిస్తోంది.

షెకీనా కదలకుండా, బుద్ధిగా, లాంతరు వైపే చూస్తోంది.

"అక్కా," అంది, "ఇంకా రాలే గదా?"