పాలకంకి అని పిలిచిన బిడ్డ

మా ఇంట్ల మొదట పిల్లలు నిలువలేదు. పెద్దోడు పుట్టిన నెల లోపలే పోయిండు. తర్వాత ఆడపిల్ల. తెలంగాణ లొల్లి నడుస్తున్న ఏడు అది, అరవై తొమ్మిది. బడులు బందు, బస్సులు బందు. పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పాలకుర్తి దిక్కున్న మా ఊరి నుంచి జనగామ దవాఖానకు ఎడ్లబండి కట్టినం. సగం తొవ్వల నా ఒళ్ళోనే చల్లబడ్డది. బండి మలుపుకొని ఇంటికి వచ్చినం. ఆ పిల్లకు మా అత్త తన తల్లి పేరు పెట్టుకున్నది. అంత పెద్ద పేరును అది పట్టుమని ఆరు నెలలు కూడ మొయ్యలేదు.

మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు చానా రోజులు ఎవ్వరికీ చెప్పలేదు. చెప్తే సంబురపడుతరు, సంబురపడితే మళ్ళ ఏడవాలె. జొన్న చేన్లు కంకులేసిన రోజుల్ల ఆడపిల్లనే పుట్టింది. మా అత్త పిల్ల మొఖం సక్కగ చూడలేదు. చూస్తే మనసు తగులుకుంటదని ఆమె భయం.

"ఇగ దీన్ని అమ్మాలె," అన్నది.

మా దిక్కు పిల్లలు దక్కని ఇండ్లల్ల ఒక ఆచారం ఉండేది. బిడ్డను పెంట మీద ఒకసారి పొర్లించి, చాటల పండవెట్టి, వేరే ఇంటామెకు సోలెడు తౌడుకు అమ్ముతరు. ఆమె బిడ్డను తీసుకొని, "నా బిడ్డను పెంచి ఇయ్యి" అని మళ్ళ తల్లి చేతుల్లనే పెడుతది. అప్పటి నుంచి ఆ బిడ్డకు ఆమెనే తల్లి. కన్నామె ఉత్త పెంచేటామె. పేరు పెట్టేది కూడ కొన్నామెనే. ఆ పేరు వింటే మొఖం తిప్పుకునేటట్టు ఉండాలె. పెంటమ్మ, తౌడమ్మ, అసొంటివి. అసొంటి పేరున్న పిల్లను చావు కూడ ముట్టదని నమ్మకం.

కొనేతందుకు మా అత్త పక్కింటి వదినెను పిలిచింది. వరసకు ఆమె మా ఆయనకు అక్క. పెండ్లయిన కొన్నేండ్లకే మొగడు పోయిండు. పిల్లలు లేరు. రైతుల జొన్న చేన్లకు కూలికి కావలి ఉండేది. పొద్దంత మంచె మీద నిలబడి వడిసెలతోని రాళ్ళు ఇసిరి పిట్టలను కొట్టేది. ఆమె ఒక్క కేక వేస్తే అవుతలి చేనుల పిట్టలు కూడ లేసేవి.

పురుడు వెళ్ళినంక మా వాకిట్ల నలుగురు ఆడోళ్ళు కూడిండ్రు. వదినె కొంగుల మూటగట్టుకొచ్చిన తౌడును మా అత్త వెదురు గుల్లల పోసింది. వదినె చాటలకెల్లి పిల్లను ఎత్తుకొని చానాసేపు చూసింది.

"పేరు పెట్టవే, పొద్దు పోతున్నది," అన్నది మా అత్త.

"పాలకంకి," అన్నది వదినె.

ఎవ్వరికీ సమజ్ కాలేదు.

"ఏందే?"

"పేరు, చిన్నమ్మా. పాలకంకి."

"పెంటమ్మ అనవే అంటే కంకి అంటవేందే? నవ్వులాటగున్నదా నీకు?"

"గింత మంచిగున్నదాన్ని పట్టుకొని పెంటమ్మ అని ఎట్లంటనే? నోరొస్తదా? జూడు, జర ఒత్తితే పాలు కారేటట్టున్నది. అచ్చం లేత జొన్నకంకి తీరు."

కూడినోళ్ళల్ల ఒకామె అన్నది, "గది కాదక్కా, పాలు పోసుకున్న కంకి మీదికే గదా పిట్ట ముందొచ్చేది."

"రానీ. నేను దేనికున్న? నా చేతుల వడిసెల లేదా?"

అందరు నవ్విండ్రు. మా అత్త నవ్వలేదు. గుల్లను వదినె దిక్కు నూకింది. "నీ తౌడు నువ్వు తీస్కపో. ఈ అమ్మకం చెల్లది."

మా ఆయన పశువుల కొట్టం కాడ నిలబడి ఉన్నడు. "అమ్మినంక అయిపాయె గదనే అవ్వా," అన్నడు. "పిల్ల అక్కది. పేరు అక్క ఇష్టం."

నేను అటువంటి పేరు అంతకుముందు ఎన్నడు వినలేదు. మనుషులకు పెట్టే పేరు కాదది. భయమైతున్నది, కాని నోట్లె ఒకసారి అనుకొని చూసిన. విడవబుద్ధి కాలేదు.

మా అత్త ఆ పేరు ఒక్కసారి కూడ పలుకలేదు. "ఓ పోరీ" అని పిలిచేది. నాతోని అయితే "నీ పోరి" అనేది. ఊర్ల పిల్లలు మాత్రం "పాలకంకి, పచ్చకంకి, పిట్టలొచ్చి తిన్న కంకి" అని పాట కట్టిండ్రు. వదినె చెవిల పడితే ఎవడైనా సరే, తొవ్వ తప్పించి ఉరకవలసిందే.

పాలకంకి ఏడాది దాటింది. మా ఇంట్ల ఒక బిడ్డ ఏడాది దాటుడు అదే మొదలు. నడక వచ్చినంక మా ఇంట్ల ఒక కాలు, వదినె ఇంట్ల ఒక కాలు. నన్ను అవ్వా అనేది, ఆమెను కొన్నవ్వా అనేది. జొన్నల కాలం వస్తే వదినె దాన్ని చంకనేసుకొని చేనుకు తీసుకపోయేది. మంచె మీద ఇద్దరు కేకలు పెడుతుంటే కలుపు తీస్తున్న మాకు వినవడేది. పెద్ద గొంతు ఒకటి, దాని ఎనుక సన్నది ఒకటి.

పుట్టువెంట్రుకలు కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్నం. దానికి మూడో ఏడు నడుస్తుంటే జాతరకు అందరం పోయినం. గుండు కొట్టించి, గాజుల దుకాణాల నడుమ నడుస్తుంటే పిల్ల వదినె చెయ్యి విడిపించుకొని గుంపుల కలిసింది. వదినె నిలబడ్డ కాడనే "పాలకంకీ!" అని కావలి కేక పెట్టింది. జాతర జాతరంత ఇటు తిరిగి చూసింది.

"ఏమమ్మో, కంకులు ఎట్లిస్తున్నవ్?" అన్నడు గాజులాయన.

పేలాల బండి ఎనుకకెల్లి బోడగుండు బయటికి వచ్చింది. "ఓ, కొన్నవ్వా!"

"చూసినవా చిన్నమ్మా," అన్నది వదినె. "వేరే పేరైతే ఈ జాతరల పదిమంది ఓ అందురు. నా పేరుకు ఒక్కతే పలికింది."

మా అత్త కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నది. నవ్వు దాచుకున్నదని నేను చూసిన.

దానికి నాలుగేండ్లు నిండని ఎండకాలం, ఊర్ల పిల్లలకు తట్టు పోసింది, పాలకంకికి కూడ. అమ్మవారు వచ్చిందని గడపలకు వేపమండలు కట్టినం. మందు వెయ్యొద్దన్నరు, వెయ్యలేదు. ఒళ్ళంత ఎర్రగ పోసి, తర్వాత మాడి తగ్గింది. ఇగ గండం గడిచిందనుకున్నం. అప్పుడు ఎగపోత మొదలైంది. పక్కలు ఎగిరెగిరి పడుతున్నయి. ఈసారి బస్సులు నడుస్తున్నయి. జనగామకు బిడ్డను ఎత్తుకొని పోయినం, నేను, మా ఆయన, వదినె.

డాక్టరు గొట్టం పెట్టి విన్నడు. రొమ్ముకు నిమ్ము చేసింది, జర ముందు తేవలసి ఉండె అన్నడు. సూది ఇచ్చిండ్రు, మంచం ఇచ్చిండ్రు. చీటీ రాసేటాయన పేరు అడిగిండు.

"పాలకంకి," అన్నడు మా ఆయన.

ఆయన కలం ఆపి తలకాయ లేపిండు. "ముద్దుపేరు కాదయ్యా. అసలు పేరు చెప్పు."

"గదే అసలు పేరు సార్."

మా మొఖాలు చూసి ఆయన రాసుకున్నడు. ఆ చీటీ మీద నా బిడ్డ పేరు ఎట్ల కనవడ్డదో నాకు తెలువది. యాభై ఏండ్లు దాటినంక గదా నాకు అక్షరాలు వచ్చినయి.

వదినె మంచం పట్టె పట్టుకొని కింద కూసున్నది. బువ్వ తినలేదు. కొంగుతోని ఇసురుకుంట బిడ్డ మీద ఒక్క ఈగను వాలనియ్యలేదు. మరునాడు పగటి పూట పానం పోయింది. పోయిందని నర్సమ్మ చెప్పినంక కూడ వదినె చెయ్యి ఇసురుతనే ఉన్నది. మా ఆయన పోయి పట్టుకొని ఆపిండు.

ఇంటికి తెచ్చినంక వాకిట్ల పండవెడితే బిడ్డ మీద పడి మా అత్త శోకం తీసింది. "నా పాలకంకీ, నా పాలకంకీ" అనుకుంట ఏడ్చింది. ఆ పేరు ఆమె నోట అదే మొదటిసారి విన్నం.

తట్టుకు ఆ ఎండకాలం మా ఊర్ల ఇంకా పిల్లలు పోయిండ్రు. వాళ్ళకు అందరికున్నసొంటి పేర్లే ఉండె. ఆ సంగతి ఎవ్వరికీ యాదికి రాలేదు. బాయి కాడ, కూలి కాడ ఒక్కటే మాట, పేరే తిన్నది అని. ఎవ్వరూ వదినె మొఖం మీద అనలేదు. ఆమెకు వినవడేటంత దూరంల మాత్రం అన్నరు. నేను ఒకసారి ఆమె ఇంటికి పోయి, "నీ పేరు వల్ల కాదు వదినె, తట్టు వల్ల" అని చెప్పిన. ఆమె బియ్యం చెరుగుతున్నది. చెరుగుతనే ఉన్నది. వానకాలం రైతులు కావలికి పిలిస్తే పోలేదు. "వేరే వాళ్ళను పెట్టుకోండ్రి," అన్నది. అప్పటి నుంచి నాటుకు పోయింది, కలుపుకు పోయింది కాని మళ్ళ మంచె ఎక్కలేదు.

కొన్నాళ్ళకు నాకు ఇంకొక ఆడపిల్ల పుట్టింది. మా అత్త అమ్మేతందుకు వేరే ఇల్లు చూస్తనన్నది. నేను వద్దన్న. పిల్లను చాటల పెట్టుకొని నేనే వదినె గడపకు పోయిన.

"మళ్ళ కొను వదినె."

ఆమె గడప మీద నిలబడి నన్ను, చాటను చూసింది. వద్దంటదనుకున్న. లోపలికి పోయి తౌడు తెచ్చింది. పిల్లను ఎత్తుకోలేదు. చాట అంచు మాత్రం ముట్టుకున్నది.

"పెంటమ్మ," అన్నది.

"గట్ల కాదు వదినె. నీకు నచ్చింది పెట్టు. నాకు భయం లేదు."

"నాకున్నది," అన్నది. "పెంటమ్మనే. బతకనీ."

పెంటమ్మ బతికింది. జరాలు వచ్చినయి, దెబ్బలు తాకినయి, అన్ని దాటింది. మా అత్త పోయేదాక ఆ పేరును నోరారా పిలిచింది. వదినె కూడ పిలిచేది కాని, దగ్గరికి తీసుకునేది కాదు. వాకిట్ల ఆడుతుంటే తన గోడ అవుతల నుంచి చూసేది.

ఎనభైలల్ల అది బడికి పోయే రోజులు. ఒకనాడు పలక ఇసిరికొట్టి ఇంట్లకు వచ్చింది. బడిల పిల్లలు ముక్కు మూసుకొని పిలుస్తున్నరట. "ఎవరు పెట్టిండ్రే నాకు ఈ పేరు?" అని నన్ను పట్టుకున్నది. నేను చెప్పక ముందే గోడ అవుతల నుంచి వదినె పలికింది.

"నేనే పెట్టిన."

పెంటమ్మ గోడ కాడికి ఉరికింది. "నీకు ఇంకో పేరు దొరకలేదా కొన్నవ్వా? నీ నోట్లె మన్నువడ! నీ చేతులు ఇరుగ!"

నేను కొట్టేతందుకు చెయ్యి లేపిన.

"కొట్టకు," అన్నది వదినె. గోడ మీద రెండు చేతులు పెట్టి, దాని దిక్కే చూస్తున్నది. "తిట్టవే. ఇంకా తిట్టు బిడ్డా. తిట్టేతందుకు ఉన్నవు గదా."

అది తిట్టినంతసేపు తిట్టింది. వదినె అక్కడనే నిలబడి అన్ని విన్నది.