పడుగు వంతుకు బదులు మనిషి

2022 వేసవి చివర్లో నన్ను మా కంపెనీ వేలూరు కేంద్రానికి సర్వీస్ డెలివరీ మేనేజరుగా వేశారు. రిటైరయ్యే ముందు నాకు వచ్చిన ఆఖరి పోస్టింగ్ అది. ఒక విదేశీ బీమా సంస్థ సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టుకుని ఉండటం మా జట్టు పని. అక్కడ ఏది ఆగిపోయినా మాకు ఒక ఫిర్యాదు నమోదై వస్తుంది. దాన్ని టికెట్ అంటాము. మొదటి వరుసలో ఉన్న ఎల్-1 వాళ్లు చిన్నవాటిని అక్కడికక్కడే సరిచేస్తారు. వాళ్లకు కొరుకుడు పడనివి ఎల్-2 ఇంజనీర్ల దగ్గరికి వస్తాయి. అందరి పనీ స్తంభించిపోయేంత పెద్దది వస్తే సివియారిటీ ఒకటి అంటాము. ఆ పూట ఆన్-కాల్‌లో ఉన్న ఇంజనీరు అది తీరేదాకా కుర్చీ వదలకూడదు. ఎవరికి ఏ పూట ఆన్-కాల్ అనేది రోస్టరులో ఉంటుంది. ఆ రోస్టరు వేయడం నా బాధ్యతల్లో ఒకటి.

కరోనా తరువాత ఆఫీసు తెరిచినా, వారంలో సగం రోజులు ఇంటి నుంచి పని చేసే ఏర్పాటు మిగిలింది. కాట్పాడి, తిరుపత్తూరు, గుడియాత్తం నుంచి వచ్చే పిల్లలకు అది సౌకర్యంగా ఉండేది. పై ఆఫీసుకు మాత్రం అనుమానం పట్టుకుంది. ఇంట్లో కూర్చున్నవాళ్లు మన పని చేస్తున్నారా, ఇంకెవరి పనైనా చేస్తున్నారా అని. దాంతో ఒక సర్క్యులర్ వచ్చింది. రెండో ఉద్యోగం ఉన్నవారు నెలాఖరులోగా ప్రకటించాలి. ప్రకటించినవారు దాన్ని మానుకోవాలి. దాచినట్టు తేలితే ఈ ఉద్యోగం పోతుంది.

సర్క్యులర్ వచ్చిన వారంలోనే నిర్మల మీద ఫిర్యాదు వచ్చింది. నిర్మల ఎల్-2 ఇంజనీరు, గుడియాత్తంలో తెలుగు మాట్లాడే నేతవారి పిల్ల. ఆమె తెల్లవారగానే వీధిలో నూలు పని చేస్తుందనీ, ఆ తరువాతే ఆఫీసు పనికి కూర్చుంటుందనీ ఎవరో హెచ్.ఆర్. విభాగానికి రాశారు. విచారించి సిఫారసు పంపమని నన్ను అడిగారు.

ఆ ఉత్తర్వు చదివిన రోజు నా డైరీలో ‘నమ్మలేను, కాదనలేను’ అని ఉంది. కారణం ఏమిటంటే, ఆ నెలల్లో మా జట్టులో అలసిపోని మనిషి లేడు. ఒకరికి తలనొప్పి, ఒకరికి నిద్ర పట్టదు, ఇంకొకరు ఏ కారణమూ చెప్పకుండా రాజీనామా ఇచ్చారు. వాళ్లందరికీ ఉన్నది ఒకే ఉద్యోగం. రెండు పనులు చేస్తోందన్న నిర్మల టికెట్లు తీసి చూస్తే ఒక్కటీ ఆలస్యం లేదు, ఒక్కటీ తిరిగి తెరుచుకోలేదు. సరిచేసిన పని మళ్లీ పాడైతే టికెట్ తిరిగి తెరుచుకుంటుంది. అలసటకు అది మంచి కొలత అని నా అనుభవం. ఆ కొలత ప్రకారం అలసిపోవలసిన మనిషి అలసిపోలేదు.

ఆమెను పిలిచి, రెండో ఉద్యోగం చేస్తున్నావా అని అడిగాను.

“అది ఉద్యోగం కాదు సార్, మా ఇంటి వంతు” అంది. “మా నాయనకు మోకాళ్లు పోయినాయి. మగ్గంలో కూర్చుంటే కాళ్లు ఆడతాయి గానీ వీధి పొడుగునా నడవలేడు. ఆయన బదులు నేను పోతా ఉండాను.”

తరువాత తీరిగ్గా వివరించింది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు దారాలను, వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వాలి. ఎండ ఎక్కితే గంజి ఎండి దారాలు అతుక్కుపోతాయి. అందుకని తెల్లవారుజామునే మొదలుపెట్టి, పొద్దెక్కక ముందే ముగించాలి. ఒక ఇంటివాళ్లతో అయ్యే పని కాదు. ఇంటికి ఒకరు చొప్పున వీధి వీధంతా దిగుతుంది. ఈ రోజు నీ పడుగుకు నేను వస్తాను, నా పడుగు రోజున నువ్వు వస్తావు. డబ్బు ప్రసక్తి లేదు. రాని ఇంటి పడుగును ఎవరూ ముట్టరు. పడుగు లేకపోతే మగ్గం ఆగుతుంది. ఆమె తండ్రికి లుంగీలు నేయడం తప్ప ఇంకో పని రాదు.

రెండో ఉద్యోగం ప్రకటించే ఫారం నేను ముందు పెట్టుకున్నాను. యజమాని పేరు అని ఒక గడి, జీతం అని ఒక గడి, పై అధికారి అని ఇంకొకటి. ఏ గడిలో ఏమి రాయాలో నాకూ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు.

హెచ్.ఆర్. అధికారి బెంగళూరు నుంచి వచ్చిన చిన్న వయసు అమ్మాయి. మర్యాదస్తురాలు. ఆమెకు నిర్మల ఉద్యోగం తీయాలని ఏమీ లేదు. ఆమే ఒక దారి చూపింది. మన ఆఫీసులో ఒకరు రాలేకపోతే ఇంకొకరితో షిఫ్టు మార్చుకుంటారు కదా, అలాగే అక్కడికి ఒక మనిషిని కుదిర్చి పంపితే సరిపోతుంది అంది. నాకూ అది సబబుగానే తోచింది. మాది కాట్పాడి దగ్గర కట్టడం పనులు చేసుకునే కుటుంబం. మా ఇళ్లలో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు తాపీ పట్టుకుని వెళ్లేవారు. సారువ మీద, అంటే గోడ పక్కన కట్టే కర్రల మీద, ఎవరు నిలబడ్డారని మేస్త్రీ అడిగేవాడు కాదు, గోడ లేచిందా లేదా అని చూసేవాడు. నిర్మల కూడా ఒప్పుకుంది. బ్యాకప్ లేని పని చెడ్డ పని అని మేమే ఆమెకు నేర్పాము.

అలా పేర్ణాంబట్టు నుంచి ఒక మనిషిని కూలికి కుదిర్చి, ఎదురింటి జయమ్మ పడుగుకు పంపింది. జయమ్మ ఆ వీధిలో పెద్దది, కుంచె పట్టడంలో చేయి తిరిగిన మనిషి. అతడు బుద్ధిగానే పనిచేశాడట. ఆమె మాత్రం, “ఏమప్పా, నీకు కూడా ల్యాప్‌టాప్ ఇచ్చి పంపినారా?” అని అడిగిందట. అందరూ నవ్వారు. నిర్మల కూడా నవ్వి ఊరుకుంది. వేళాకోళమనుకుని, తరువాతి పడుగులకూ అతడినే పంపింది.

ఆ తరువాతి వారాల్లో నాకు అర్థం కానిది ఇంకొకటి మొదలైంది. ఉదయాలు ఖాళీ దొరికిన నిర్మల మరింత నిద్రపోవాలి, మరింత తేటగా ఉండాలి. ఆమె టికెట్లు ఒకటి తరువాత ఒకటి తిరిగి తెరుచుకోవడం మొదలుపెట్టాయి. ఒకసారి సివియారిటీ ఒకటి నడుస్తుండగా పాడైన సర్వర్‌ను వదిలి, బాగున్నదాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టింది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను. బాగానే ఉందనీ, లేచిన వెంటనే ల్యాప్‌టాప్ తెరుస్తున్నాననీ, రోజు ఎక్కడ మొదలయిందో తెలియకుండా ఉందనీ చెప్పింది. పని తగ్గిస్తే అలసట పెరగడం నా లెక్కల్లో ఎప్పుడూ లేదు. ఏదో నేను చూడనిది ఉండి ఉండాలి అనుకున్నాను. అదేమిటో తెలియలేదు.

ఒక రోజు తెల్లవారుజామునే ఆమె ఫోన్ చేసి అత్యవసర సెలవు పెట్టింది. మా నాయన పడుగు నిలిచిపోయింది సార్ అని మాత్రం చెప్పింది. విచారించే బాధ్యత ఎలాగూ నాదే కనుక బస్సెక్కి గుడియాత్తం వెళ్లాను.

నేను వెళ్లేసరికి వీధిలో పడుగు కట్టి ఉంది. ఒక కొసన నిర్మల, ఇంకో కొసన వాళ్ల అమ్మ. గంజి గిన్నె మూత పెట్టి ఉంది. తండ్రి మునస్వామి గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఇరుగుపొరుగువాళ్లంతా వాళ్ల వాళ్ల వాకిళ్లలోనే ఉన్నారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. నాకు ఒక ఇంటివాళ్లు కుర్చీ వేశారు, ఇంకో ఇంటివాళ్లు కాఫీ తెచ్చారు. పడుగు దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. తగాదా అయితే తీర్చవచ్చు. తగాదా లేకుండా పని ఆగిపోతే ఎవరితో మాట్లాడాలో నాకు తెలియలేదు.

నేను తెలుగు మాట్లాడటం విని మునస్వామి, “మీరు మనోళ్లేనా సార్?” అని అడిగాడు. అవునన్నాను. “అట్లయితే మీకు చెప్పొచ్చు. వాళ్లది తప్పు లేదు” అన్నాడు. మరి ఎవరిది తప్పు అంటే, జయమ్మను అడగమన్నాడు.

జయమ్మను నేరుగా అడిగాను, ఈ పిల్ల మీద కోపమా అని.

“కోపమేముంది సార్. మా ఇంటి పడుగుకు కూలి మనిషిని పంపింది. రేపు ఇంకొకరు పంపుతారు. ఆ పైన వచ్చేవాళ్లంతా కూలి అడుగుతారు. అంత కూలి ఇచ్చే ఇల్లు ఈ వీధిలో యాడ ఉండాది? ఆరు నెలల్లో మగ్గాలన్నీ అటక ఎక్కుతాయి.” అని నిర్మల వైపు తిరిగి, గొంతు పెంచకుండానే అంది: “ఏమమ్మా ఇంజనీరమ్మా, నీ పెండ్లికి కూడా కూలి ఆళ్లను పెట్టి పంపుతావా?”

కాసేపటికి ఎండ వాకిళ్లలోకి వచ్చింది. తల్లీ కూతురూ పడుగును చుట్టి లోపలికి తీసుకుపోయారు. గంజిని మాత్రం పక్కింటివాళ్ల ఆవుకు పోశారు. మునస్వామి మగ్గం ఆ రోజు ఖాళీగా ఉంది.

బస్సు దాకా నాతో వస్తూ నిర్మల చెప్పింది.

“ఫారంలో రాసేస్తాను సార్. వీధి పనికి పోతాననీ, మానలేననీ. మీరు ఏమి చేస్తారో చేయండి.”

ఉద్యోగం పోవచ్చునని గుర్తు చేశాను. తెలుసునంది. ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు, మా నాయనకు ఇంకొక వీధిని యాడ వెతికేది అంది. మరునాడు ఇంకెవరి పడుగో ఉంటే పిలవకుండానే వెళ్లి కుంచె అందుకుందట. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఆ తరువాతి పడుగుకూ వెళ్లిందట.

ఫారం నా బల్ల మీదికి వచ్చింది. యజమాని గడిలో ‘మా వీధి’ అని ఉంది. జీతం గడిలో ‘లేదు’. పై అధికారి గడిలో ‘ఆ రోజు పడుగు ఎవరిదైతే వారు’.

హెచ్.ఆర్. అధికారి దాన్ని గడి గడీ చదివింది. ఆ వీధి పనికి ఆమె రాజీనామా చేయకూడదా అని అడిగింది. చేసి చూసింది కదా, మీరు చెప్పిన దారిలోనే అన్నాను. మరి ఇది ఉద్యోగమా, కాదా అని ఆమె మళ్లీ అడిగింది. నాకు తెలియదన్నాను. ముప్పై ఏళ్లు పైబడిన సర్వీసులో పై విభాగానికి నేను ఆ మాట చెప్పడం అరుదు. చివరికి ఇద్దరమూ కూర్చుని సిఫారసు రాశాము. జీతమూ ఒప్పందమూ లేని ఇంటి బాధ్యత రెండో ఉద్యోగం కాదు. పడుగు ఉన్న ఉదయాల్లో ఆమెకు ఆన్-కాల్ వేయకూడదు, దానికి బదులు సాయంత్రాలు వేయాలి. పడుగు తేదీ ముందు వారమే ఆమె తెలపాలి. దీన్ని చెన్నైలోని పై ఆఫీసుకు పంపాము.

నెలాఖరు దాటాక జవాబు వచ్చింది. ‘నోటెడ్’ అని ఒకే మాట. సరే అన్నారా, చూశాము అన్నారా, తరువాత చూస్తాము అన్నారా? హెచ్.ఆర్. అధికారికీ తెలియలేదు. మళ్లీ అడిగితే వద్దంటారేమోనని అడగలేదు. అది అనుమతి అనుకుని రోస్టరు మార్చాను. ఎవరూ ప్రశ్నించలేదు.

మునస్వామి పడుగు మళ్లీ కట్టిన రోజు నేను అక్కడ లేను. ఆ మధ్యాహ్నం నిర్మల ఆఫీసుకు వచ్చి చెప్పింది. మొదట దిగింది జయమ్మేనట. “ఈ నడుమ మా పడుగులకు నిన్ను మీ ఆఫీసోళ్లు పంపినారా, నీ అంతట నువ్వే వచ్చినావా?” అని అడిగిందట. నా అంతట నేనే అని నిర్మల అంటే, “అయితే ఆ కొస పట్టుకో” అందట. మిగతావాళ్లు ఒక్కొక్కరే దిగారు. ఆ నెల నుంచి నిర్మల టికెట్లు తిరిగి తెరుచుకోవడం ఆగింది. ఆమె చేసే పని ముందుకంటే ఎక్కువే అయింది, సాయంత్రపు ఆన్-కాల్ కూడా కలిసింది గనుక.

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా, రెండో పని ఉందని ఎవరైనా చెబితే గంటలెన్ని, ఎవరిస్తారు అని ముందుగా అడగలేదు. నీ బదులు ఇంకొకరు వెళితే సరిపోతుందా అని అడిగాను. సరిపోతుందంటే అది ఉద్యోగం, సర్క్యులర్ దాన్ని ఆపగలదు. సరిపోదంటే ఆపలేదు. రోస్టరే దానికి చోటివ్వాలి. ఇక రెండు పనులు చేసిన నిర్మల ఎందుకు అలసిపోలేదు, ఒక పని మానుకున్నప్పుడు ఎందుకు అలసిపోయింది అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెను అడిగితే ఆమెకూ తెలియదంది. కారణం తెలియకపోయినా రోస్టరు సరిగా వేయవచ్చు.