రోజలీన్ నోరు మూసుకున్న రోజు

పోర్ రెపరాత్ రేవులో రోజలీన్ గొంతు తెలియని చెవి లేదు. పదిహేడో ఏట తల్లి చేపల బల్ల దగ్గర నిలబడి మొదలుపెట్టిన కేక నలభై నాలుగేళ్లుగా ఆగలేదు. భర్త పడవ కట్టేయగానే ఆమె మెట్ల వీధి వైపు తిరిగి, ఆ రోజు వలలో పడిన చేపలన్నిటినీ పేరు పేరునా అరిచి చెప్పేది. పై ఇళ్లలోని ముసలివాళ్లు కిటికీల్లోంచి తాళ్లతో బుట్టలు దింపేవారు. బల్ల భర్తకు అప్పగించి, ఆమె ఆ మెట్లన్నీ ఎక్కి బుట్టలు నింపి వచ్చేది. మోకాళ్లు అరిగిన వాళ్లకు ఆ మెట్లు దిగడమంటే ప్రాణాలమీదికి వచ్చేదే.

విహారపు ఓడలు లంగరు వేయడం మొదలయ్యాక ఊరికి సోకు పట్టుకుంది. వలలు ఆరేసుకునే చోట చేతిసంచుల దుకాణాలు వెలిశాయి. ఈ వేసవిలో రేవు కార్యాలయం నుంచి ఒక కాగితం వచ్చింది: ఓడ వచ్చిన రోజు గట్టుమీద అరుపులు నిషేధం, మాట వినకపోతే బల్ల తీసేస్తారు. తెచ్చినవాడు రేవు అధికారి ఫ్లోరాన్, పై వీధి జెర్మెన్ కొడుకు.

"నామీద కోపం పెట్టుకోకు పిన్నీ. ఓడవాళ్లు ప్రశాంతత కోసం వస్తారట."

"మరి వాళ్ల ఓడ హారనో? అది జోలపాటా?"

"పైవాళ్లు చెప్పారు. నేనేం చేసేది?"

"నీ పైన ఉన్నది మీ అమ్మేరా," అంది రోజలీన్. కానీ బల్ల పోతే బతుకే పోతుందని ఆమెకు తెలుసు.

మంగళవారం ఓడ వచ్చింది. రోజలీన్ నోరు కట్టేసుకుని నిలబడింది. తెల్లటోపీల జనం రొమ్ముమీద నంబర్లు అంటించుకుని చిన్న పడవల్లోంచి గుంపులుగా దిగారు, ఫోటోలు తీసుకున్నారు, ఒక్క చేపా కొనలేదు. గొంతులో ఇరుక్కున్న పేర్లు బయటికి రాక ఆమెకు ఏడుపొచ్చింది.

పది దాటాక మెట్లమీద అలికిడయింది. ముందు ఎనభై రెండేళ్ల జెర్మెన్, ఇంటిగౌనుతోనే. వెనక కర్రలు పొడుచుకుంటూ ఇరవై మందికి పైగా ముసలివాళ్లు. ఒకావిడ నల్లశాలువా కూడా కప్పుకుంది. కేక వినపడలేదు కనుక రోజలీన్ పోయిందని పై వీధి తేల్చేసింది.

"బతికే ఉన్నావుటే? నీ పేరున కొవ్వొత్తి వెలిగించి మరీ వస్తున్నాను," అంది జెర్మెన్ ఆయాసపడుతూ.

"అరవకూడదట అక్కా. మీవాడే కాగితమిచ్చాడు."

ఓడవాళ్లకు దారి చూపుతూ గట్టుమీదే ఉన్న కొడుకు వైపు తిరిగింది జెర్మెన్. ఓడజనం చుట్టూ మూగారు.

"ఒరే, ఇన్ని మెట్లు దిగాను. మళ్లీ ఎక్కుతున్నాను. అది పిలిస్తేనే బుట్ట దింపుతా. లేదంటే ఇక నా ఇంట్లో నీకు ఆదివారం భోజనం లేదు."

"ఎలాగూ వచ్చావు కదమ్మా, కొనుక్కుని వెళ్లు."

"పిలవని పేరంటానికి ఎప్పుడైనా వెళ్లానా నేను?"

అందరూ వెనుదిరిగారు. ఎక్కడానికి అరగంట పట్టింది. టోపీలవాళ్లే కొందరు చెయ్యి అందించారు. ఒక్కో కిటికీ తెరుచుకుంది. ఖాళీ బుట్టలు కిటికీ అంచుల మీదికి వచ్చాయి. కింద గట్టు గట్టంతా ఫ్లోరాన్ మొహంలోకి చూస్తోంది. అతను టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"కానివ్వు పిన్నీ, పిలువు."

"మరి నా బల్ల?"

"ఎవడు తీస్తాడో నేనూ చూస్తా."

రోజలీన్ నడుముమీద చేతులు పెట్టుకుని, ఒళ్లంతా గొంతు చేసుకుంది.

"కవళ్ల చేపలొచ్చాయర్రా... ఎర్రచేపలొచ్చాయి... రోజలీన్ బతికే ఉందర్రా..."

బుట్టలన్నీ ఒక్కసారే దిగాయి.