దేవుడి బియ్యంతో కాచిన జావ

నా చిన్నప్పుడు, అంటే సికింద్రాబాద్‌లో ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ మాటే వినిపించే రోజుల్లో, మేము మల్కాజ్‌గిరిలో అద్దెకు ఉండేవాళ్ళం. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. పక్కింట్లో ఒంటరిగా ఉండే, నేను అన్నా అని పిలిచే కుర్రాడికి హైటెక్ సిటీలో ఉద్యోగం. "మా ఆఫీసుల స్టోర్స్‌ల పెట్టిస్త అంకుల్, పరేషాన్ గాకుండ్రి" అని మాటిచ్చాడు. ఇంటిల్లిపాదీ ఆ మాట మీదే బతికాం. నాన్న వేరేచోట అడగడం కూడా మానేశాడు.

నాకు మాత్రం పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. ఆదివారం మా ఇంట్లో తిన్నంతసేపూ కబుర్లు చెప్పే అన్న, ఉద్యోగం ఊసు రాగానే సెల్‌ఫోన్ చూసుకునేవాడు. చివరికి ఆ పనిలో తన దోస్తును పెట్టించాడని తెలిసింది. నాన్న అన్నం ముట్టలేదు.

మా నానమ్మ మాత్రం ఎప్పటిలాగే తన పని తాను చేసుకుపోయింది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా దేవుడి వాటా అని ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, ఆదివారం చర్చిలో ఇవ్వడం ఆమె అలవాటు. ఇంట్లో బియ్యం నిండుకుంటున్నా అది మానలేదు.

ఆ వారమే అన్నకు జ్వరం పట్టుకుంది. నానమ్మ ఆ డబ్బాలోని బియ్యంతోనే జావ కాచి, గిన్నె పట్టుకుని బయల్దేరింది. నాకు ఒళ్ళు మండింది. దేవుడికి తీసినది మోసగాడికా! మంచి చేసుకుని మళ్ళీ ఉద్యోగం అడిగే ఎత్తు కాబోలనుకుని, వెనకే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు అడుగుతుంది, ఇదిగో ఇప్పుడు అడుగుతుంది అని చెవులు రిక్కించాను. చివరికి అన్నే తల దించుకుని, "పెద్దమ్మా, అంకుల్ ముచ్చట..." అని నసిగాడు.

"గవన్నీ ఇప్పుడెందుకు బిడ్డా? జెర వేడిగున్నప్పుడే తాగు" అంది నానమ్మ. అంతే.

బయటికి రాగానే ఎందుకు అడగలేదని నిలదీశాను.

"నేను అడగాల్సినాయన్ని పొద్దుగాల్నే అడిగిన. యేసయ్యనే నమ్ముకున్న గాబట్టి ఈ పిలగాని మీద నాకు కోపం రాలే. మీ నాయిన ఈ పిలగాన్ని నమ్ముకున్నడు. గిప్పుడు చూడు, బుక్కెడు అన్నం సుత తింటలేడు."

నేను నమ్మలేదు. చాలా రోజులు ఆమెను కనిపెట్టి చూశాను. ఆమె ఆ ఊసే ఎత్తలేదు. నాన్న కొన్నాళ్ళకు తేరుకుని, బొల్లారంలో ఒక గోడౌన్‌లో పని వెతుక్కున్నాడు.

మనుషుల మీద నా అనుమానం ఈ వయసుకీ పోలేదు. ఎవరైనా మాటిస్తే ఇప్పటికీ వాళ్ళ కళ్ళల్లోకే చూస్తాను. కానీ నా బతుకుకు కావలసిన ధైర్యం వాళ్ళ మాటల్లో దొరకదని, అది దేవుడి దగ్గరే అడగాలని నానమ్మ వల్ల తెలిసింది. అందుకే మాట తప్పిన మనిషిని కూడా రా, కూర్చో అని పిలవగలుగుతున్నాను.