ఎడమ వైపు గాలి

ఏళ్లుగా నా రొమ్ము మీద ఎక్కి కూర్చున్న బరువును నిన్న దించేశాను. ఇది రాస్తూ రాస్తూ మధ్యలో లేచి తిరుగుతున్నాను. భయమా? కాదు. సంబరం అనడానికి సిగ్గుగా ఉంది. కానీ ఉన్నది అదే. లోపల ఏదో గంతులేస్తోంది. నా పేరు చెప్పను, పేరుతో మీకు పనిలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీ దగ్గర నోరు విప్పుతున్నాను. చివరిదాకా వినండి, మధ్యలో లేచిపోకండి.

మాది అమరచింత. మగ్గాల ఇల్లు. నాకు మగ్గం అబ్బలేదు, కరెంటు అబ్బింది. ఐటీఐ చదివి, వనపర్తి శివార్లలో కొత్తగా కట్టిన ఒక ఫంక్షన్ హాల్లో ఏసీ ఆపరేటరుగా చేరాను. వేదిక వెనక ఒక గది. అందులో గాలి యంత్రాలు రెండు, ఒక్కొక్కటి ఎడ్లబండి అంత ఉండేవి. ఒకటి హాలు కుడి సగానికి, ఇంకొకటి ఎడమ సగానికి చల్లగాలి తోసేది. వాటి ఫ్యాన్లు ఎంత వేగంగా తిరగాలో చెప్పేది గోడకున్న ప్యానెల్. ఒక్కో ఫ్యానుకు ఒక్కో డ్రైవ్, అంటే వేగం మార్చే పెట్టె, దాని మీద ఎర్రగా వెలిగే అంకె, పక్కన ఒక స్విచ్. ఆటోలో పెడితే హాల్లో వేడిని బట్టి డ్రైవే వేగం పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. మాన్యువల్‌లో పెడితే అంతా మన వేలి మీద.

మన వేలి మీద! ఆ మాట నన్ను ఎంత ఊపేసిందో మీకెలా చెప్పను? మొదటిసారి మాన్యువల్‌లో పెట్టి బటన్ నొక్కినప్పుడు అంకె పెరుగుతూ పోయింది, ఫ్యాన్ గొంతు లేచింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తే వేదిక మీది బంతిపూల దండలు ఊగాయి. ముందు వరుసలో ఒక ముసలవ్వ కొంగు సర్దుకుని పైకి చూసింది. ఆమెకు నేనెవరో తెలియదు. అయినా ఆ కొంగు కదిలింది నా వల్ల. ఆ రోజు సంతోషంతో నాకు అన్నం దిగలేదు.

ఇక ఆ పెళ్లి. ఎండలు మండే రోజులు, పగటి ముహూర్తం. పెళ్లికూతురు వాళ్లది వడ్డేపల్లి దగ్గర పల్లె, సేద్యం చేసుకునేవాళ్లు. పెళ్లికొడుకు వాళ్లది నాగర్‌కర్నూల్, బాగా ఉన్నవాళ్లు. హాలు మాట్లాడింది పెళ్లికూతురు తండ్రి. బిడ్డ పెళ్లి చల్లటి హాల్లో చేస్తానని మగపెళ్లివాళ్లకు మాట ఇచ్చాడట.

పొద్దున టిఫిన్ల బంతిలో చివరన నేనూ కూర్చున్నాను. తినేసి పనిలోకి వెళ్దామని. రెండు ముద్దలు తిన్నానో లేదో వెనక నుంచి నా కాలర్ పట్టుకుని ఎవరో లేపారు. పెళ్లికొడుకు పెదనాన్న. తెల్లబట్టలు, మెడలో గొలుసు.

"ఎవర్రా నువ్వు?"

"ఏసీ ఆపరేటర్‌ను సార్."

"ఏసీవానికి బంతిల ఏం పని? మా చుట్టాలు నిలబడ్డరు, నువ్వు కూసోని మెక్కుతున్నవా? లెవ్!"

నోట్లో ఉప్మా నోట్లోనే ఉంది. బంతిలో అందరూ చూశారు. మళ్లీ తినడంలో పడ్డారు. నేను చేయి కూడా కడుక్కోకుండా నా గదిలోకి వచ్చేశాను.

కాసేపటికి తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. పెళ్లికూతురు తండ్రి. గంజి పెట్టిన కొత్త పంచె ఆయన మాట వినడం లేదు, ఒక చేత్తో అది పట్టుకుని ఇంకో చేత్తో నా కోసం ప్లేటు తెచ్చాడు. "తిను బిడ్డా. వాళ్ల నోరే గంత. మనసుల వెట్టుకోకు" అన్నాడు. బిడ్డ పెళ్లి రోజు, నెత్తి మీద వంద పనులు, అయినా ఎవడో ఏసీవాడి ఆకలి ఆయనకు కనిపించింది. నేను తిన్నాను. కడుపు నిండా తిన్నాను. ఇది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత చేసిన పని ఆయన పెట్టింది తిని చేశాను.

హాలు నిండింది. పెళ్లికొడుకు వాళ్లు ఎడమ సగంలో, పెళ్లికూతురు వాళ్లు కుడి సగంలో కూర్చున్నారు. అద్దంలోంచి పెదనాన్న కనిపించాడు, ముందు సోఫాలో, కాళ్లు చాపుకుని. నేను ఎడమ డ్రైవ్ స్విచ్ మాన్యువల్‌కు తిప్పాను. అంకె తగ్గించాను.

మొదట కొంచెమే. ఏమీ కాలేదు. ఇంకొంచెం. పెదనాన్న మెడ దగ్గర గుండీ విప్పాడు. ఇంకొంచెం. ఎడమ సగంలో శుభలేఖలు విసనకర్రలయ్యాయి! ఆడవాళ్లు కొంగులతో విసురుకుంటున్నారు, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు, పెదనాన్న చెమట తుడుచుకుంటున్న దస్తీ తడిసి ముద్దయింది. కుడి సగంలో మాత్రం చుట్టాలు హాయిగా ముచ్చట్లు పెట్టుకుంటున్నారు. నాకు ఒళ్లంతా జివ్వుమంది. గదిలో ఒక్కణ్నే నవ్వాను. పైకి వినిపించేలా.

కోపంతో చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కోపమేనా? కోపమైతే పెదనాన్న దస్తీ తడిసిన చోట ఆగిపోవాలి కదా? పిల్లలు ఏడ్చినప్పుడైనా ఆగాలి కదా? నేను ఆగలేదు, ఎందుకంటే అప్పటికి కోపం ఎప్పుడో పోయింది, మిగిలింది ఆట, అంతమంది పెద్దమనుషులు నా వేలి కింద ఉడుకుతున్నారన్న ఆనందం, అంతకు ముందూ ఆ తర్వాతా నా బతుకులో ఎరగని ఆనందం. ఈ ముక్క రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

ముందు లేచింది పెదనాన్నే. "మమ్మల్ని ఉక్కపోతల కూసోబెట్టి మీవోళ్లకు ఏసీనా? గింత ఖుల్లంఖుల్లా బేఇజ్జతా?" అని కుడి వైపుకు తిరిగి అరిచాడు. ఆయన వెనక ఇంకో పదిమంది లేచారు. "లేవురా, పోదం" అని వేదిక మీది పెళ్లికొడుకును పిలిచారు. డోలు ఆగింది.

తలుపు తెరుచుకుంది. మళ్లీ ఆయనే, పెళ్లికూతురు తండ్రి. రొప్పుతున్నాడు. నేను చప్పున తిరిగి ప్యానెల్‌కు వీపు ఆనించి నిలబడ్డాను, స్విచ్ కనిపించకుండా.

"ఏమైంది బిడ్డా? ఆ దిక్కు గాలి వస్తలేదంట."

"మిషన్ ఖరాబైంది కాకా."

"బాగైతదా?"

"తెల్వదు. చూస్తున్న."

"జర జల్ది చూడు. వాళ్లు లేచి పోతమంటున్నరు. నీ కాళ్లు మొక్కుత."

"నా చేతుల ఏముంది కాకా" అన్నాను.

ఆ మాట అన్నాను. వీపుకు స్విచ్ గుచ్చుకుంటూనే ఉంది, అయినా అన్నాను. ఆయన ముందే తిప్పితే నా దొంగతనం బయటపడుతుంది. ఆయన వెళ్లాక తిప్పుదాంలే అనుకున్నాను.

ఆయన వెళ్లాడు. నేను స్విచ్ ఆటోకు తిప్పి అద్దం దగ్గరికి ఉరికాను. డ్రైవ్ గురించి మీకు ఒకటి చెప్పాలి. అది ఒక్కసారిగా లేవదు. మోటారు దెబ్బతినకుండా అంకె మెల్లగా, ఒక్కొక్క మెట్టుగా ఎక్కుతుంది. లేవే, లేవే అని దాన్ని బతిమిలాడాను. అది దాని లెక్కన అది లేస్తోంది. అద్దంలో పెళ్లికూతురు తండ్రి కనిపించాడు, పెదనాన్న ముందు నిలబడి ఉన్నాడు. భుజం మీది తువ్వాల తీసి ఆయన కాళ్ల దగ్గర పరిచాడు. వంగాడు. నుదురు ఆ తువ్వాలకు ఆనింది. వేదిక మీద పెళ్లికూతురు, నుదుట బాసికంతో, తండ్రిని చూస్తూ లేచి నిలబడింది.

అప్పుడు ఎడమ వైపు గాలి వచ్చింది. ఒక్క నిమిషం ముందు వచ్చి ఉంటే!

గాలి తగలగానే అందరూ కూర్చున్నారు. డోలు మోగింది. తాళి కట్టారు. ఇంకా వినండి, అసలు ఘోరం ఇక్కడ ఉంది. పెదనాన్న నా గదికి వచ్చి "శెభాష్ తమ్మీ, టైముకు బాగుచేసినవ్" అని భుజం తట్టాడు. పొద్దున కాలర్ పట్టింది నాదేనని ఆయనకు గుర్తే లేదు. పెళ్లికూతురు తండ్రి లడ్డూ తెచ్చి తన చేత్తో నా నోట్లో పెట్టాడు. "మా పరువు నిలబెట్టినవ్ బిడ్డా" అన్నాడు. నేను మింగాను.

ఆగిపోబోయిన పెళ్లిని నిలబెట్టిన ఆపరేటర్ అని నాకు పేరొచ్చింది. ఆ పేరుతోనే గద్వాలలో ఒక దవాఖానలో కొలువు దొరికింది, ఆపరేషన్ గదుల గాలి చూసుకునే పని. నా పెళ్లిచూపుల్లోనూ ఆ కథే చెప్పారు. నా భార్య మా పిల్లలకు చెప్పింది. నేను కూడా చెప్పాను, ప్రతిసారీ ఇంకొంచెం బాగా.

ఈమధ్య ఒక రోజు ఆ దవాఖానలోనే, ఆపరేషన్ గదుల బయట, ఒకామె నన్ను ఆపింది.

"అన్నా, గుర్తువట్టలేవా? మా పెండ్లిల ఏసీ బాగుచేసింది నువ్వే గదా!"

పుట్టింటికి వచ్చి ఉండగా కొడుక్కు కడుపునొప్పి లేచిందట, చిన్న ఆపరేషన్‌కు తీసుకొచ్చింది. నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను ఊరికే ఉండక, మీ నాయన ఎట్లున్నాడని అడిగాను. ఆమె ముఖం మారింది. "ఉన్నడన్నా. మా అత్తగారింటికి వస్తడు గని గడప లోపలికి రాడు. అరుగు మీదనే కూసోని, మనవన్ని చూసుకొని పోతడు. గా దినం మా నాయిననే కావాల్నని వాళ్లకు గాలి బంద్ వెట్టించిండని మా పెదమామ ఇప్పటికీ అంటడు. ఎండకాలం వచ్చిందంటే సాలు, అందరి ముంగట ఎత్తుతడు, నవ్వుతడు."

పెదమామ అంటే ఆ పెదనాన్నే. ఆ ఉక్కపోత ఆ పూటతో పోయిందనుకున్నాను. ఆ ఇంట్లో అది ఇంకా అలాగే ఉంది. అప్పుడైనా చెప్పానా? లేదు. "పని ఉందమ్మా" అని లోపలికి వెళ్లిపోయాను. పిల్లవాడి ఆపరేషన్ అయ్యేదాకా ప్యానెల్ ముందు నుంచి కదల్లేదు. స్విచ్ వైపు చేయి కూడా చాపలేదు.

మొన్న నా భార్యకు చెప్పాను. "మరి బాగుచేసిన అంటివి?" అంది. నిన్న పొద్దున, దవాఖాన రిజిస్టర్లో ఉన్న ఆమె చిరునామా రాసుకుని, బస్సెక్కి నాగర్‌కర్నూల్ వెళ్లాను. దిగి వెనక్కి పోదామని ఎన్నిసార్లు అనుకున్నానో! దిగలేదు.

పెదనాన్న వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ముసలివాడయ్యాడు, గొంతు మాత్రం అదే. నేను నిలబడే చెప్పాను, ఒక్క ఊపిరిలో. ఆ రోజు ఏ మిషనూ చెడిపోలేదు, ఎడమ వైపు గాలి తగ్గించింది నేను, కావాలనే తగ్గించాను, పెళ్లికూతురు తండ్రికి ఏమీ తెలియదు. నా గొంతు ఎంత పెద్దగా లేచిందంటే ఇంట్లోవాళ్లందరూ బయటికొచ్చారు.

పెదనాన్న నవ్వాడు. "ఎవరు చెప్పి పంపిన్రు? మా కోడలేనా?"

నమ్మలేదు! నిజం చెబితే నమ్మకపోవడం ఒకటి ఉంటుందని నేను ఊహించనేలేదు. "సార్, పొద్దుగాల బంతిల ఏసీవాన్ని కాలర్ వట్టి లేపిన్రు. నోట్ల ఉప్మా ఉండె. గా ఏసీవాన్ని నేనే" అన్నాను.

ఆయన నవ్వు ఆగింది. నా కాలర్ వైపు చూశాడు. తర్వాత కళ్లు దించుకున్నాడు. "పో" అన్నాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు.

అప్పటి పెళ్లికూతురు గుమ్మంలో ఉంది. నా వైపు వచ్చింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను, ఆమె అడగనివ్వలేదు.

"దవాఖానల నీకు దండం పెట్టిన అన్నా. పెట్టించుకున్నవ్."

ఇక నా వైపు చూడలేదు. అక్కడే, పెదనాన్న ముందే, ఫోన్ తీసి తండ్రికి చేసింది. "నాయినా, గా దినం గాలి బంద్ చేసింది మనం గాదంట. గా ఏసీ ఆయన వచ్చి మా పెదమామ ముంగట చెప్పిండు... అవ్ నాయినా, అందరి ముంగట్నే." ఆ తర్వాత వింటూ నిలబడింది. అవతల ఆయన ఏమన్నాడో నాకు వినబడలేదు. వినే హక్కు నాకు లేదు. వచ్చేశాను.

ఆయన ఆ గడప దాటుతాడో లేదో తెలియదు. వంగిన నడుమును నేను నిన్న నిటారు చేయలేదు, చేయలేను కూడా. ఆమె మన్నించలేదు. మన్నిస్తుందని ఎదురుచూడటం కూడా లేదు. కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటలే మళ్లీ మళ్లీ అనుకున్నాను, పెదవులు కదిలేలా. పక్కనాయన పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. చూడనీ. ఇంటికి రాగానే పిల్లలను కూర్చోబెట్టి అవే మాటలు చెప్పాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. కావాలని చేశాను. చేసి నవ్వాను. ఆయన వచ్చి అడిగితే అబద్ధం చెప్పాను.

అనేశాను.