బాపు ట్రక్కు, వదిన వెతుకులాట

పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. "మీ వదిన ఇగ లేదు చెల్లె" అన్నాడు. సుచిత్ర చౌరస్తా నుంచి శామీర్‌పేట వచ్చేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను. ఆమె మీద నాకున్న అసూయ మాత్రం ఆమెతో పోలేదని ఆ ఏడుపులోనూ తెలుస్తూనే ఉంది.

మా బాపు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. మిలిటరీ వేలంలో ఒక పాత ట్రక్కు కొన్నాడు. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి బురదలోకి దిగి వలలను, చేపల బుట్టలను రోడ్డెక్కించేది. దాని సామాన్లు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఏది విరిగినా పాత ఇనుప దుకాణాల్లో వెతకాల్సిందే. నేనూ వెంట వస్తానంటే, "గ్రీజుల నీకేం పని బిడ్డా? ఇంట్ల సల్లగ ఉండు" అనేవాడు.

తొంభైల్లో వదిన మేడ్చల్ నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చింది. అన్నకు ఫ్యాక్టరీ డ్యూటీ. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే బాపుకు మొహమాటం. వదిన విరిగిన ముక్కను సంచిలో వేసుకొని ఆయనతో బస్సెక్కేది. బండి గురించి ఆమెకు పెద్దగా తెలియదు. అడగడం తెలుసు. టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా చూపించి, "అన్నా, గిసుంటిది యాడన్న జూసినవా?" అనేది. బాపు నీరసపడితే, "దొర్కలే అనొద్దు మామా, ఇంకా అందర్ని అడ్గలే అనాలె" అనేది. సాయంత్రం ఇద్దరూ ఒకే పొట్లంలోంచి మిర్చి బజ్జీలు తింటూ వాకిట్లోకి వచ్చేవారు. నాకు విడిగా పొట్లం తెచ్చేవారు. ఆ విడి పొట్లం నాకు రుచించేది కాదు. పైగా బాపు ఆమెను కూడా 'బిడ్డా' అనే పిలిచేవాడు.

రెండు వేల సంవత్సరం దాటాక ఒక వానాకాలం నేను పుట్టింటికి వచ్చి ఉండగా ట్రక్కు చెరువులో దిగబడింది. ముందు చక్రాల యాక్సిల్ జాయింటు విరిగింది. ట్రాక్టరు కట్టి లాగినా కదల్లేదు. నీళ్లు ఎక్కుతున్నాయి. అలాంటి బండే బహదూర్‌పల్లిలో ఒక అవ్వ దొడ్లో పడి ఉందని వదిన కనుక్కుంది. అవ్వ మాత్రం, "మా ముసలాయన బండి. ముట్టనియ్య" అని ఆమెను వెనక్కి పంపింది.

మర్నాడు వదిన నన్ను రమ్మంది. "నాకు మాటలే వస్తయి. నువ్వైతె మామ కడుపుల పుట్టినవ్" అంది.

వెళ్లి అవ్వ ముందు కూర్చున్నాను. "మా బాపు బువ్వ తింటలేడవ్వా. బండి మునుగుతాంటె చూస్కుంట కట్ట మీదనే కూసుంటుండు" అన్నాను. ఏడుపొచ్చింది.

అవ్వ దొడ్లోని బండి వైపు చూసింది. "మా ఆయన గూడ గంతే ఉండె. ఇప్పుకొని పో బిడ్డా" అంది.

ఇంటికి రాగానే వదిన, "మామా, నీ బిడ్డ అడిగితెనే ఇచ్చింది" అని చెప్పింది. బాపు నా తల నిమిరాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "దీన్ని తోల్కపోవాలని నీకెట్ల తోచింది బిడ్డా!" అని మురిసిపోయాడు. మెప్పంతా ఆమె నాకే ఇచ్చేసింది. అది తిరిగి ఆమె దగ్గరికే పోయింది. కోపం తెచ్చుకుందామన్నా ఆమె సందివ్వలేదు.

బాపు పోయాక, నేను వెళ్లినప్పుడల్లా ఆ ప్రయాణాల ముచ్చట్లు చెప్పేది. ఏ దుకాణంలో ఆయన అలిగాడో, ఏ బస్సులో ఆమె భుజం మీద నిద్రపోయాడో. నేను చూడని బాపును ఆమె నోటనే చూశాను. అందుకు రుణపడి ఉంటాను. వింటున్నంతసేపూ కుళ్లుకున్నాను కూడా. ఇక చెప్పేవాళ్లు లేరు.

ఆ వానాకాలం, అవ్వ ఇచ్చిన జాయింటు బిగించాక ట్రక్కు మూలుగుతూ నీళ్లలోంచి పైకి వచ్చింది. నేను కట్ట మీద నిలబడి ఉన్నాను. స్టీరింగు దగ్గర బాపు, పక్కన వదిన, ఇద్దరి ముఖాల నిండా బురద. ఆమె ఏదో అంది. బాపు తల వెనక్కి వేసి నవ్వాడు. ఇంజను మోతలో ఆ మాట నాకు వినపడలేదు.