నర్సయ్య మామకు రావలసిన పళ్ళు

లవంగనూనె వాసన తగిలితే నాకు ముందు నాలుక మొద్దుబారినట్టవుతుంది, ఆ వెనకే సిగ్గేస్తుంది. మొన్న మా ఖాజాగూడలోనే, ఒకప్పుడు సీతాఫలం పొదలు తప్ప మరేమీ లేని చోట, ఒక అద్దాల మేడ ఆరో అంతస్తులో పళ్ళ డాక్టరమ్మ నా పైపళ్ళకు ఎప్పుడో కట్టిన కదలని పళ్ళను, అదే బ్రిడ్జిని, ఊడదీసింది. దాన్ని దీపం కిందికి పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "అంకుల్, ఎవరు చేశారండీ ఇది? ఇంత ఓపిక ఇప్పుడెవరికీ లేదు" అంది. అసలు పళ్ళు ఎలా పోయాయని అడిగింది. నేను అలవాటుగా మొదలుపెట్టాను. అరవైతొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఆందోళన, కాలేజీ కుర్రాళ్ళ ఊరేగింపు, ముందు వరసలో నేను, ఎదురుగా పదిమంది పోలీసులు, గాల్లోకి లేచిన లాఠీ. ఆ అమ్మాయి కళ్ళు విప్పార్చుకుని విన్నది. ముందుపళ్ళు లేని నోటితో చెప్పినా కథ ఎక్కడా తడబడలేదు. అన్నిసార్లు చెప్పాను మరి.

ఇంటికొచ్చాక కూర్చుని ఇది రాస్తున్నాను. పదిమంది పోలీసులు లేరు. నలుగురూ లేరు. ఉన్నవాడల్లా ఒక బస్సు కండక్టరు. మెహదీపట్నంలో ఊరేగింపు అప్పటికే అయిపోయింది. నేను దాని చివరి వరసలో కాసేపు నడిచి, ఆకలేసి మిర్చీల బండి దగ్గర ఆగాను. వెనకనుంచి ఈల వినిపించింది. బస్సును కదలమని కండక్టరు వేసిన ఈల అది. నేను పోలీసులే అనుకుని నోరు బార్లా తెరిచి అరుస్తూ పరుగెత్తాను. సందు మలుపులో ఆగి ఉన్న ఎడ్లబండి నొగ, ముందుకు పొడుచుకొచ్చిన ఆ కర్ర, నేరుగా నోట్లోకి వచ్చింది. పైన ముందుపళ్ళు రెండు అక్కడే రాలిపోయాయి. ఆ ఎడ్లు రెండూ నెమరువేయడం ఆపి నాకేసి చూశాయి. దాన్ని మించిన అవమానం ఆ తర్వాత నా జీవితంలో లేదు. అందుకే నడిచి ఊరు చేరేలోగా ఆ నొగను లాఠీ చేసేశాను.

నన్ను పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది మా నర్సయ్య మామ. వరసకు మామ అని పిలవడమే తప్ప చుట్టరికం లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పెళ్ళికైనా సన్నాయి ఆయనదే. పెళ్ళిళ్ళు లేని నెలల్లో గుట్టల దగ్గర రాళ్ళు కొట్టేవాడు. ఆ ఏడాది వేసవిలో రాతిముక్క ఎగిరొచ్చి తగిలి ఆయనకూ ముందుపళ్ళు రెండు పోయాయి. పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడుతోంది. సన్నాయి కొసన ఉండే పీకను పెదవుల మధ్య బిగించి పట్టాలంటే లోపల పళ్ళ ఆసరా ఉండాలి. అది లేక ఊదితే గాలి పక్కలకు పోయేది. మెహదీపట్నంలో ఒక ఆంధ్రా డాక్టరు కదలని పళ్ళు కడతాడని ఎవరో చెబితే వెళ్ళి కొలతలిచ్చి వచ్చాడు. రెండోసారి వెళ్ళేటప్పుడు నన్ను కూడా సైకిలు వెనక కూర్చోబెట్టుకున్నాడు.

ఆ డాక్టరు సోమయాజులు గారిది కాకినాడ వైపు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని తెల్ల చొక్కాతో ఉండేవారు. ఆయన దవాఖానలో పంటిని అరగదీసే యంత్రం కుట్టుమిషనులాగా కాలితో తొక్కేది. మైనపు అచ్చు పోయడం దగ్గరనుంచి బంగారం కరిగించడం దాకా వెనకగదిలో ఆయనే చేసుకునేవారు. గొడవలకు భయపడి ఆయన ఇంటివాళ్ళు అప్పటికే కాకినాడ వెళ్ళిపోయారు. నెలాఖరుకు ఆయన కూడా దవాఖాన మూసేస్తున్నారు. బంగారం మీద ఆంక్షలున్న రోజులవి. ఆయన దగ్గర మిగిలింది ఒక్క బ్రిడ్జికే సరిపోతుంది. అది నర్సయ్య మామకని అనుకున్నారు.

నా నోరు చూసి, చిగుట్లోంచి పట్టకారుతో చిన్న చెక్కపేడు ఒకటి లాగి దూది మీద పెట్టారు. మామ ముందే చెప్పి ఉన్నాడు కనక, "లాఠీయే కదూ?" అన్నారు. అవునన్నాను. "పై పెదవి చిట్లలేదే?" అన్నారు. "నినాదం ఇస్తున్న సార్, నోరు తెరిచి ఉన్నది" అన్నాను. ఆయన ఆ పేడును వేలితో ఒకసారి నలిపి వాసన చూశారు. బండికి పూసే కందెన వాసన నా దాకా వచ్చింది. "నీకు తీసి పెట్టుకునే సెట్టు చాలయ్యా. వారంలో ఇస్తాను. బ్రిడ్జి ఇతనికి అవసరం" అన్నారు.

తీసి పెట్టుకునే సెట్టు! నాకు ఇరవై నిండలేదు. క్లాసులో తుమ్మితే అది ఎగిరి ఆడపిల్లల బెంచీ మీద పడటం కళ్ళకు కట్టింది. నా మొహం చూసి నర్సయ్య మామ లేచాడు.

"సార్, జర నా మాట ఇనుండ్రి. గా పళ్ళేవో మా అల్లునికి పెట్టుండ్రి. పోరడు మనందరి కోసం దెబ్బ తిన్నడు. నాదేముంది, రాయి తాకి పోయినయ్."

"నువ్వు ఊదేదెలా నర్సయ్యా?"

"సెట్టు పెట్టుకోని ఊదుత. అలవాటైతది తియ్యుండ్రి. ఏం ఫికర్ లేదు."

డాక్టరుగారు నాకేసి చూశారు. నేను నేలకేసి చూశాను.

మర్నాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఆయన చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఇందులో కల్పన లేదు. "బ్రిడ్జి నిలబడాలంటే ఖాళీకి అటొకటి ఇటొకటి మంచి పళ్ళను అరగదీసి వాటి మీద తొడగాలి. ఏ తప్పూ చెయ్యని పళ్ళు అవి. ఒకసారి అరగదీశాక మళ్ళీ పెరగవు. నువ్వు నాకేమైనా చెప్పాలనుకుంటే ఇప్పుడు చెప్పు." అలా అని, నోట్లో కుక్కిన దూది తీసేసి, మిషను మీదనుంచి కాలు తీసి కూర్చున్నారు. తొందరపెట్టలేదు, మాట అందించలేదు. బయట రోడ్డు మీద ఎవరో రేడియో పెట్టి, కట్టేశారు. ఆయన ఇంకా కూర్చునే ఉన్నారు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "ఏం లేదు సార్" అన్నాను. ఆయన తల పంకించి కాలు మిషను మీద పెట్టారు.

లోపలివైపు బంగారం, ముందు తెల్లటి పళ్ళు. అంత బాగా కుదిరిన పని నేనెక్కడా చూడలేదు. మామకు తీసి పెట్టుకునే గులాబీరంగు సెట్టు ఇచ్చి, డాక్టరుగారు ఊరు వెళ్ళిపోయారు.

ఆ సెట్టుతో మామ రెండు పెళ్ళిళ్ళలో ఊదాడు. గాలి బిగించేసరికి సెట్టు జారి పీకను నొక్కేది, స్వరం మధ్యలో కీచుమనేది. నార్సింగి పెళ్ళిలో పిల్లలు నవ్వారట. మూడో పెళ్ళికి నార్సింగి వాళ్ళు వేరే మేళం పిలిపించుకున్నారు. మామ తాళం పట్టుకుని ఆ మేళం వెనక కూర్చున్నాడు. నా పెళ్ళిలోనూ తాళమే. అంతటితో ఊరుకోలేదు. మా అత్తవారి చుట్టాలను ఒక్కొక్కరినీ ఆపి, "మా అల్లున్ని మామూలోడనుకోకుండ్రి, లాఠీకి ఎదురు నిలబడ్డోడు" అని చెప్పాడు. మా ఆవిడ పీటల మీద నుంచే నాకేసి గర్వంగా చూసింది. ఆ చూపును ఆమె పోయేదాకా నేను సరిదిద్దలేదు.

నేను బడిపంతులునయ్యాను. డాక్టరుగారి దగ్గర నేర్చుకున్నది ఒకటే, ప్రశ్న అడిగాక ఆగడం. కిటికీ అద్దం పగలగొట్టిన వాడిని, పక్కవాళ్ళది చూసి రాసిన పిల్లను ఎదురుగా నిలబెట్టి, అడిగి, బెత్తం బల్ల మీద పెట్టి ఊరుకునేవాణ్ణి. వాళ్ళలో చాలామంది నిజం చెప్పేవారు. తొమ్మిదేళ్ళ పిల్లలు కూడా చెప్పారు. మంచి పంతులని నాకు పేరొచ్చింది. ప్రతిసారీ ఆ పిల్లల ముందు నేనే చిన్నవాణ్ణయ్యేవాణ్ణి.

ఒక ఏడాది, మరి ఉండలేక, జరిగిందంతా చెబుతూ కాకినాడలోని డాక్టరుగారికి ఉత్తరం రాశాను. కార్డు మీద జవాబు వచ్చింది. "నాకు ఆ రోజే తెలుసు. చెక్కపేడు తుమ్మది, లాఠీ వెదురుది. అయినా ఆ సంవత్సరం, ఆ ఊళ్ళో, ఒక తెలంగాణ కుర్రాణ్ణి అబద్ధమాడుతున్నావని అనడానికి నాకు నోరు రాలేదు. అడిగి ఊరుకున్నాను. గట్టిగా అడగవలసింది. తప్పులో నాకూ వాటా ఉంది. కానీ నువ్వు చెప్పుకోవలసిన మనిషిని నేను కాను." కింద సంతకం, ఆశీస్సులు. అంతే.

ఆ కార్డు జేబులో పెట్టుకుని నర్సయ్య మామ ఇంటికి మూడుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ వానల గురించి మాట్లాడి, చాయ్ తాగి వచ్చేశాను.

లేదు. ఇంత రాసి ఇక్కడ కూడా పెంచి చెప్పడమెందుకు? వెళ్ళింది ఒక్కసారి. చాయ్ తాగలేదు. ఇంట్లోకే వెళ్ళలేదు. ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో సన్నాయి, దానికి పీక లేదు. నోటికి జానెడు దూరంలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు మాత్రం రంధ్రాల మీద ఆడిస్తున్నాడు. చప్పుడు లేదు. ఏ రాగమో నాకు తెలియదు, ఆయనకు వినిపిస్తోంది. ఒకచోట తప్పు పోయినట్టుంది, తల అడ్డంగా ఊపి మళ్ళీ మొదటికి వెళ్ళాడు. అది పూర్తయ్యాక వెళ్ళి చెబుదామని గోడ పక్కన నిలబడ్డాను. పూర్తి కాకముందే వెనక్కి తిరిగి వచ్చేశాను.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు.